టర్ఫ్ వచ్చేదాకా ఆగొద్దు, ముందు జట్టును నిలబెట్టండి

సంపాదకులు గారికి,

ఏటా ఆగస్టు 29న హాకీ దిగ్గజం ధ్యాన్‌చంద్ చిత్రపటానికి పూలమాల వేయడం, హాకీ ఆడేందుకు జిల్లాకో ఆస్ట్రో టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) కావాలని అధికారులకు వినతిపత్రం ఇవ్వడం మన ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఆనవాయితీ అయింది. ఆ కోరిక న్యాయమైనదే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ మొదటిసారి కృత్రిమ మైదానం మీదికి వెళ్లింది. అంతకు ముందు ఏ ఒలింపిక్స్‌లోనూ పతకం లేకుండా తిరిగిరాని భారత్ అక్కడ ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. మట్టి మీద నేర్చిన ఆట టర్ఫ్ మీద ఎందుకు తడబడుతుందో ఆ తర్వాత వివరించాల్సిన పని లేకపోయింది. అయితే టర్ఫ్ లేదన్న ఒక్క మాటను అడ్డం పెట్టుకుని డిగ్రీ కళాశాలల్లో హాకీని ఏడాదంతా అటకెక్కించడం మాత్రం సరికాదు. టర్ఫ్ లేకుండానే చేయగలిగిన పని చాలా ఉంది. అది చేయకుండా రేపు టర్ఫ్ పరిచినా దాని మీద ఆడే జట్టు ఉండదు.

ఇప్పుడు జరుగుతున్నది చూద్దాం. ఆసక్తి ఉన్న పది పన్నెండు మంది సాయంత్రం పూట గ్రౌండ్‌లో కలిసి ఆడుకుంటారు. వాళ్లకు కోచ్ ఉండడు, షెడ్యూల్ ఉండదు. వర్సిటీ నుంచి అంతర్ కళాశాలల పోటీల సర్క్యులర్ వస్తే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు వాళ్లనే పోగుచేసి పంపుతారు. అక్కడ సెలక్షన్, వారం పది రోజుల క్యాంప్, ఆ వెంటనే సౌత్ జోన్ (దక్షిణాది విశ్వవిద్యాలయాల) పోటీలకు రైలు. ఎదురుగా నిలబడేది కొడగు, కోవిల్‌పట్టి లాంటి చోట్ల చిన్నప్పటి నుంచే హాకీ పట్టుకున్న పిల్లలున్న జట్లు. జోన్ పోటీల్లో తొలి రౌండ్లు నాకౌట్. ఒక్క మ్యాచ్ ఓడితే పెట్టె సర్దుకోవాలి. రానుపోను ప్రయాణం, టీఏ, డీఏ, కొత్త జెర్సీలు, ఇదంతా 60 నిమిషాల ఆటకే అయిపోతుంది. ఒక్కో జోన్ నుంచి మొదటి నాలుగు జట్లే ఆలిండియా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తాయి. అక్కడ మొదటి ఎనిమిదిలో నిలిచినవాటికే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ తలుపు తెరుచుకుంటుంది. వారం క్యాంప్‌తో ఎక్కగలిగిన మెట్లు కావివి.

సరదాగా ఆడుకునే కళాశాల జట్టు అత్యున్నత స్థాయికి ఎదగాలంటే ఏది ముందు, ఏది వెనుక అన్నదానికి అమెరికాలో రెండు మంచి ఉదాహరణలున్నాయి. అవి మంచు మీద ఆడే ఐస్ హాకీవి. ఆట వేరు, డబ్బు లెక్క అసలే వేరు. వరుసక్రమం కోసమే ఇక్కడ చెబుతున్నాను. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఐస్ హాకీ దశాబ్దాల పాటు క్లబ్ స్థాయిలోనే నడిచింది. క్లబ్బుల జాతీయ టైటిల్ ఏడుసార్లు గెలిచినా, వర్సిటీ క్రీడా విభాగం అధికారికంగా నడిపే జట్టు కాలేకపోయింది. 2010 సెప్టెంబరులో టెర్రీ పెగులా దంపతులు 8.8 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించాక దారి తెరుచుకుంది. 2011లో కోచ్‌ను నియమించారు. 2012-13లో పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడల సంఘం) అత్యున్నత స్థాయి అయిన డివిజన్-1లో ఆడడం మొదలుపెట్టాయి. కొత్త స్టేడియం తెరిచింది 2013 అక్టోబరులో. అంటే అంత డబ్బు చేతిలో ఉండి కూడా మొదటి సీజన్ పాత చిన్న రింక్ (మంచు మైదానం)లోనే ఆడారు. కోచ్ ముందు వచ్చాడు, ఆటగాళ్లు తర్వాత, భవనం ఆఖరున. ఆ జట్టు 2017లో తొలిసారి జాతీయ టోర్నమెంట్‌కు అర్హత సాధించింది. చివరి నాలుగు జట్లలో నిలిచింది 2025లో.

అరిజోనా స్టేట్ కథ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆ క్లబ్ 2014లో జాతీయ టైటిల్ గెలిచింది. అదే ఏడాది నవంబరులో 3.2 కోట్ల డాలర్ల విరాళంతో డివిజన్-1కు వెళ్తున్నట్టు ప్రకటించారు. కానీ ఒక్కసారిగా దూకలేదు. 2015-16 సీజన్‌ను మధ్య మెట్టుగా పెట్టుకుని కొన్ని మ్యాచ్‌లు పెద్ద జట్లతో, కొన్ని తమ స్థాయివాళ్లతో ఆడారు. పూర్తి షెడ్యూల్ మరుసటి ఏడాది నుంచి. కోచ్‌గా క్లబ్ రోజుల నాటి గ్రెగ్ పవర్స్‌నే కొనసాగించారు. 2019లో జాతీయ టోర్నమెంట్‌కు వెళ్లేనాటికి కూడా వాళ్లకు సొంత స్టేడియం లేదు. అది 2022లో వచ్చింది. మన పాలమూరు (మహబూబ్‌నగర్), మహాత్మా గాంధీ (నల్లగొండ) విశ్వవిద్యాలయాలు నేర్చుకోవాల్సింది ఆ మధ్య మెట్టు గురించే.

మొదట క్యాలెండర్ మారాలి. డిగ్రీ ప్రవేశాలు అయ్యేసరికే ఆగస్టు దాటుతుందని, అందుకే అంతర్ కళాశాలల పోటీలు ఆలస్యమవుతాయని అంటుంటారు. రెండో, మూడో సంవత్సరం విద్యార్థులు, పీజీ వాళ్లు జులైలోనే ఉంటారు కదా. వాళ్లతో 25 మంది ప్రాబబుల్స్ (జట్టు ఎంపికకు పరిశీలించే ఆటగాళ్లు) జాబితా జులైలోనే వేయవచ్చు. కొత్తగా చేరినవాళ్లలో అండర్-19 స్కూల్ గేమ్స్ ఆడి వచ్చినవాళ్లను సెప్టెంబరులో కలుపుకోవచ్చు. అలా చేస్తే అంతర్ కళాశాలల టోర్నీ జట్టును వెతుక్కునే చోటుగా కాకుండా, ఉన్న జట్టును సరిచూసుకునే చోటుగా ఉంటుంది. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) డిప్లొమా ఉన్న కోచ్‌ను జులై నుంచి జనవరి దాకా ఏడు నెలలకు తీసుకోండి. రెండు వర్సిటీలకూ విడివిడిగా భారమైతే ఒక్కరినే పంచుకోండి. మూడు రోజులు మహబూబ్‌నగర్, మూడు రోజులు నల్లగొండ.

జట్టు అంటే 11 మంది కాదు, 18 మంది. ఇద్దరు గోల్‌కీపర్లు, ఆరుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు. ఇప్పుడు హాకీ 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకోవచ్చు. మంచి జట్లు ఫార్వర్డ్‌లను ఆరేడు నిమిషాలకోసారి బయటికి పిలిచి, ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ పంపుతాయి. మన పిల్లలు మొదటి రెండు క్వార్టర్లు ఎవరికీ తీసిపోకుండా ఆడి, మూడో క్వార్టర్‌లో వరుసగా గోల్స్ ఇచ్చేస్తే దాన్ని ఫిట్‌నెస్ లోపం అనేస్తారు. ఎక్కువసార్లు అది బెంచ్ లోపం. కూర్చున్న ఆటగాళ్లను నమ్మి పంపే అలవాటు కోచ్‌కు లేకపోవడం, పంపితే ఎక్కడ నిలబడాలో వాళ్లకు తెలియకపోవడం.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురవుతున్నది గోల్‌కీపర్. చాలా కళాశాలల్లో గోల్‌కీపర్ అంటే మిగిలిపోయిన కుర్రాడు. క్రికెట్ ప్యాడ్లు కట్టి గోల్‌లో నిలబెట్టడం ఇప్పటికీ కనిపిస్తుంది. అది ప్రాణంతో చెలగాటం. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములుంటుంది, రాయిలా గట్టిది. హెల్మెట్, గొంతు కవచం, ఛాతీ కవచం, మోచేతి గార్డులు, అబ్డామెన్ గార్డ్, ప్యాడింగ్ ఉన్న నిక్కరు, కుడి ఎడమ చేతులకు వేర్వేరు రక్షణ గ్లవ్స్, లెగ్ గార్డులు, పాదాలకు కికర్లు, ఇవన్నీ ఉంటేనే పూర్తి కిట్. వర్సిటీ ఒక కిట్ కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే సరిపోదు. కీపర్లు ఇద్దరు కాబట్టి కిట్లు రెండు కావాలి, అవీ జులై నుంచే వాళ్ల దగ్గర ఉండాలి. కిట్ వేసుకుని పక్కలకు దూకడం, లేచి మళ్లీ నిలబడడం శరీరానికి అలవాటు కావడానికే నెలలు పడుతుంది. మన మొరం గ్రౌండ్ల మీద ముందుగా పాడయ్యేవి కికర్ల అడుగున పాదం కింది నుంచి వెళ్లే పట్టీలు. గులకరాళ్ల మీద రాసుకుని నెలల్లోనే తెగిపోతాయి. పట్టీ తెగిన కికర్ పక్కకు తిరుగుతుంది, బంతి నేరుగా వేళ్ల మీద పడుతుంది. ఒక్కో కిట్‌కు రెండు జతల పట్టీలు అదనంగా కొని ఉంచుకోవాలి. ప్రాక్టీస్ అయ్యాక కిట్‌ను సంచిలో కుక్కకుండా నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పెడితే ఫోమ్ పెళుసుబారుతుంది, తడిగా సంచిలో పెడితే బూజు పట్టి కీపర్ చర్మం పాడవుతుంది.

ఇక ఆట సంగతి. మట్టి మీద బంతి ఎగురుతూ వస్తుంది కాబట్టి పిల్లలు స్టిక్‌ను నిలువుగా పెట్టి ఆపడం నేర్చుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, అడ్డంగా పడుకోబెడితే మట్టి మీద బంతి స్టిక్ మీదుగా లేచి ముఖానికి తగులుతుంది. టర్ఫ్ మీద బంతి నేలకు అంటుకుని, రెట్టింపు వేగంతో వచ్చినట్టు అనిపిస్తుంది. అక్కడ ఎడమ చేతిని నేలదాకా దించి, స్టిక్‌ను పడుకోబెట్టి అడ్డుగోడలా పెట్టాలి. నిలువు స్టిక్‌తో ఆపబోతే అంగుళం తేడాతో బంతి జారిపోతుంది. జోన్ పోటీల్లో మనవాళ్లు మొదటి పది నిమిషాల్లో పోగొట్టుకునే బంతుల్లో ఎక్కువ భాగం ఇవే. దీనికి మందు టర్ఫ్ ఒక్కటే కాదు. నున్నటి సిమెంట్ బాస్కెట్‌బాల్ కోర్టు దాదాపు ప్రతి పాత కళాశాలలోనూ ఉంది, 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. దాని మీద ఇద్దరిద్దరు పది మీటర్ల దూరంలో నిలబడి రోజూ ఇరవై నిమిషాలు పుష్ (స్టిక్‌తో తోయడం), ట్రాప్ (ఆపడం) చేస్తే రెండు నెలల్లో చేతులు కిందికి దిగుతాయి. సిమెంట్ స్టిక్ తలను అరగదీస్తుంది కాబట్టి ఈ ప్రాక్టీస్‌కు పాత స్టిక్‌లు వాడాలి, తలకు టేప్ చుట్టుకోవాలి. ఇక్కడ పుషే చేయించాలి, హిట్ (స్టిక్ ఊపి కొట్టడం) వద్దు. నడుము వంచి ఆడే ఈ భంగిమకు తొడలు, పిక్కలు, నడుము కింది భాగం అలవాటు పడాలి. అలవాటు లేని శరీరంతో టర్ఫ్ ఎక్కితే రెండో మ్యాచ్‌కే హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనుక కండరం) పట్టేస్తుంది.

పెనాల్టీ కార్నర్ (డిఫెన్స్ తప్పు చేస్తే దాడి చేసే జట్టుకు దొరికే ప్రత్యేక అవకాశం) గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే సమ ఉజ్జీల మధ్య మ్యాచ్‌ను తేల్చేది అదే. గోల్ స్తంభానికి కనీసం 10 మీటర్ల దూరం నుంచి ఒకరు బంతిని లోపలికి తోస్తారు, దీన్నే ఇంజెక్షన్ అంటారు. గోల్ ముందు గీసిన 14.63 మీటర్ల సర్కిల్ బయట ఒకరు ఆపుతారు, మూడోవారు గోల్‌కు కొడతారు. డిఫెన్స్‌లో కీపర్‌తో కలిపి ఐదుగురు. బంతి కదిలిన క్షణమే వాళ్ల మొదటి రన్నర్ దూసుకొస్తాడు. తొలి షాట్ హిట్ అయితే గోల్ వెనుక ఉండే 460 మిల్లీమీటర్ల పలక ఎత్తు దాటకుండా గోల్ గీత దాటాలి. డ్రాగ్ ఫ్లిక్‌కు (బంతిని స్టిక్‌తో లాగి విసిరే షాట్‌కు) ఆ పరిమితి లేదు, ప్రమాదకరంగా ఉండకపోతే చాలు. మట్టి మీద తోసిన బంతి గంతులేస్తుంది కాబట్టి ఆపేవాడికి కుదరదు. అందుకని ఎవరూ దీన్ని క్రమంగా సాధన చేయరు, దొరికినప్పుడు గుడ్డిగా బాదుతారు. టర్ఫ్ మీద కార్నర్లు వచ్చినా గోల్ కాకపోవడానికి ఇదే కారణం. దీనికి మొత్తం టర్ఫ్ మైదానం అక్కర్లేదు. గోల్ ముందు 23 మీటర్ల భాగం చదునుగా ఉంటే చాలు. పెద్ద స్టేడియాల్లో కొత్త టర్ఫ్ వేసేటప్పుడు తీసేసే పాత చాపలను వర్సిటీ అడిగి తెచ్చుకోవచ్చు. వాటిని నేరుగా మట్టి మీద పరిస్తే మాత్రం నెలలోపే అతుకులు విడిపోతాయి, అలలు లేస్తాయి. కింద కంకర, దాని మీద తారు లేదా సిమెంట్ నేల ఉండాలి, అతుకులకు గమ్ పట్టీ వేయాలి. అక్కడ తోసేవారు ఇద్దరు, ఆపేవారు ఇద్దరు, కొట్టేవారు ముగ్గురు అని ముందే తేల్చుకుని, రోజుకు యాభై ఇంజెక్షన్లు చేయించాలి. ఆటగాళ్లను మారుస్తూ పోతే ఈ లయ కుదరదు. రన్నర్లకు ముఖ కవచాలు లేకుండా డిఫెన్స్ ప్రాక్టీస్ పెట్టొద్దు.

ఉన్న గ్రౌండ్‌ను కూడా బాగు చేసుకోవాలి. మైదానం 91.4 మీటర్లు, 55 మీటర్లు. మన చెలక, మొరం నేలలు రేగడి కంటే హాకీకి నయం, వేసవిలో నెర్రెలివ్వవు. జల్లెడ పట్టిన మొరం రెండు మూడు అంగుళాలు పరిచి, సాయంత్రం బాగా తడిపి, పైన తడి ఆరాక పొద్దున్నే రోలర్ తొక్కించాలి. తడి ఎక్కువగా ఉంటే మట్టి రోలర్‌కు అంటుకుని పైకి లేస్తుంది, పూర్తిగా ఆరితే తొక్కించినా అణగదు. సభలకు గ్రౌండ్ ఇస్తే టెంట్ గుంజల గుంతలు పూడ్చకుండా వదిలేస్తారు. అటువంటి ఒక్క గుంతలో బంతి పడి ఎగిరితే పన్ను పోతుంది. గ్రౌండ్ అద్దెకిచ్చే ప్రిన్సిపాళ్లు పూడిక ఖర్చును ముందే డిపాజిట్‌గా తీసుకోవాలి. ఇంకో మాట: ఫుట్‌బాల్ గోల్‌పోస్ట్‌ను హాకీకి వాడడం మానేయండి. ఫుట్‌బాల్ గోల్ 7.32 మీటర్ల వెడల్పు, హాకీది 3.66, సరిగ్గా సగం. ఇంత పెద్ద గోల్‌లో ఏడాదంతా కొట్టినవారికి గురి రాదు, కాచిన కీపర్‌కు కోణాలు తెలియవు. ఇనుప పైపులతో, వెనుక ప్లైవుడ్ పలకలతో స్థానిక వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు.

టర్ఫ్ మీద రోజుల లెక్క ఇదీ. మహబూబ్‌నగర్ నుంచైనా, నల్లగొండ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరితే ఉదయం ఒక సెషన్, సాయంత్రం ఒక మ్యాచ్ ఆడి రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఆగస్టు నుంచి నెలకు రెండు శనివారాలు, జోన్ పోటీలకు ముందు ఆరు వారాలు ప్రతి వారాంతం. ఆ మ్యాచ్‌లు ఎవరితో ఆడాలన్నదే మధ్య మెట్టు. కొన్ని నగరంలోని మన స్థాయి కళాశాలలతో, కొన్ని దక్షిణ మధ్య రైల్వే లాంటి ఉద్యోగ జట్లతో అడిగి పెట్టించుకోవాలి. వాళ్ల చేతిలో ఓడినా నష్టం లేదు, ఆ వేగం కళ్లకు అలవాటవుతుంది. పాలమూరు, మహాత్మా గాంధీ వర్సిటీల జట్లు జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా ఇటొకసారి అటొకసారి వెళ్లి ఆడుకోవడానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు. పొడవాటి స్టడ్స్ ఉన్న ఫుట్‌బాల్ బూట్లతో టర్ఫ్ ఎక్కనివ్వరు. చిన్న రబ్బరు ముళ్లున్న బూట్లు వర్సిటీయే ఇవ్వాలి.

ఎప్పటికైనా టర్ఫ్ మంజూరైతే నీళ్లతో తడిపే రకం అడగకండి. దానికి ప్రతి మ్యాచ్ ముందు వేల లీటర్లు చల్లాలి. బోర్లు ఎండిపోయే వేసవిలో మన దగ్గర అది నిలవదు, తడపని నీటి టర్ఫ్ త్వరగా అరుగుతుంది, ఆటగాళ్ల చర్మాన్నీ చెక్కేస్తుంది. పోగుల మధ్య ఇసుక వేసే రకం మనకు సరిపోతుంది. చుట్టూ ఖాళీతో కలిపి 101.4 మీటర్లు, 63 మీటర్ల స్థలం చూసుకోవాలి. గీతల దాకానే టర్ఫ్ వేసి వదిలేస్తే పరుగెత్తే పిల్లలు అంచున కాలు మడతపడి పడిపోతారు.

నియమాల విషయంలోనూ మన అంతర్ కళాశాలల పోటీలు వెనుకబడ్డాయి. 23 మీటర్ల గీత లోపల దొరికిన ఫ్రీ హిట్‌ను దాడి చేసే జట్టు నేరుగా సర్కిల్‌లోకి కొట్టకూడదు, బంతి ముందు 5 మీటర్లు కదలాలి. ఇక్కడ చూసీచూడనట్టు వదిలేస్తే అక్కడ తెచ్చుకున్న అవకాశం ఈల మోతతో పోతుంది. గ్రీన్ కార్డుకు 2 నిమిషాలు, ఎల్లో కార్డుకు కనీసం 5 నిమిషాలు పది మందితో ఆడాలి. అర్హత ఉన్న అంపైర్లను హైదరాబాద్ నుంచి పిలిపించడానికయ్యే ఖర్చు ఒక్క రోజు భోజనాల ఖర్చు కంటే పెద్దది కాదు.

కాగితాల వల్ల ఆగిపోయే ఆటగాళ్లు కూడా తక్కువేమీ కాదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు అర్హత వయసు జులై 1 నాటికి 17 నిండి, 25 దాటకుండా ఉండాలి, ఫుల్ టైమ్ కోర్సులో ఉండాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పుట్టిన తేదీలు వేర్వేరుగా ఉంటే ఎంట్రీ పంపే ముందురోజు ఏమీ చేయలేం. ఆ పరిశీలన జులైలో ప్రాబబుల్స్ జాబితాతోపాటే జరగాలి. అలాగే సెమిస్టర్ పరీక్షలు జోన్ పోటీల మీద పడితే ఆటగాడు పరీక్షనే ఎంచుకుంటాడు, ఎంచుకోవాలి కూడా. ఆడడానికి వెళ్లినవారికి ప్రత్యేక పరీక్ష, ఆన్ డ్యూటీ హాజరు ఇస్తామని వర్సిటీ రాతపూర్వకంగా ముందే చెబితే తల్లిదండ్రులు కూడా పంపుతారు.

మహిళల జట్టును రెండో దశకు వాయిదా వేయవద్దు. పెన్ స్టేట్ రెండు జట్లనూ ఒకే ఏడాది బరిలోకి దింపింది. మన దగ్గర సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలున్నాయి. విద్యార్థినులు అక్కడే ఉంటారు కాబట్టి ఉదయం, సాయంత్రం ప్రాక్టీస్ కుదురుతుంది. డే స్కాలర్లయిన అబ్బాయిలకు దొరకని సౌకర్యమిది. ఊరి బస్సు పోతుందని ఐదింటికే గ్రౌండ్ విడిచిపెట్టే ఆటగాళ్లతో జట్టు కట్టడం ఎంత కష్టమో ప్రతి పీడీకీ తెలుసు. అదే కోచ్, అదే బస్సు, అదే టర్ఫ్ అద్దెలో రెండు జట్లూ నడుస్తాయి. నిజామాబాద్ నుంచి వచ్చిన యెండల సౌందర్య 2013 జూనియర్ ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉంది. పాలమూరు, నల్లగొండ అమ్మాయిలకు ఆ దారి మూసి ఉంచడానికి ఏ కారణమూ కనబడదు.

రెండు వర్సిటీల క్రీడా విభాగాలకు మా విన్నపం ఇదే: వచ్చే జులైలో 25 మంది అబ్బాయిలు, 25 మంది అమ్మాయిల ప్రాబబుల్స్ జాబితాలను నోటీసు బోర్డు మీద పెట్టండి. కోచ్ నియామకం, రెండేసి గోల్‌కీపర్ కిట్లు, నెలకు రెండు టర్ఫ్ రోజులు, ఈ మూడింటిని ఆ ఏడాది బడ్జెట్‌లో హాకీ పేరుతో విడిగా చూపండి. అంతర్ కళాశాలల టోర్నీని సెప్టెంబరు ముగిసేలోపు పూర్తి చేయండి. జోన్ పోటీల ఫలితం ఏమైనా సరే, అదే జట్టును, అదే కోచ్‌ను కనీసం మూడేళ్లు కదపకండి.

– విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్, మహబూబ్‌నగర్